చైనాలో ప్రావిన్సు విశ్వవిద్యాలయంలో చదువు ఎలా ఉంటుంది? యున్నాన్‌లో నా నాలుగేళ్లు

మీ అమ్మాయికి యున్నాన్ ప్రావిన్సు రాజధాని కున్మింగ్‌లోని యున్నాన్ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్‌తో మాస్టర్స్ సీటు వచ్చిందని, బీజింగ్, షాంఘైల్లోని పెద్ద పేర్లు వదులుకుని ఒక ప్రావిన్సు విశ్వవిద్యాలయానికి పంపవచ్చా అని అడిగారు. ఏ విభాగంలో సీటో మాత్రం రాయలేదు. నా జవాబు సగానికి పైగా దాని మీదే ఆధారపడి ఉంది. నేను అక్కడ నాలుగేళ్లు ఉన్నాను: ఒక ఏడాది భాష, మూడేళ్లు మానవశాస్త్రంలో మాస్టర్స్.

ప్రావిన్సు విశ్వవిద్యాలయం అనగానే రెండో రకం సరుకు అనే అనుమానం మనకు వస్తుంది. నాకూ వచ్చింది. హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీ ఆయన నా అనుమానం పోగొట్టడానికి రెండు మాటలు చెప్పారు. ఒకటి, అది పాత, పేరున్న సంస్థ. రెండు, ఏడాది భాష నేర్చుకుంటే తర్వాత చదువు నల్లేరు మీద నడక. మొదటిది నిజమే. రెండోదాని సంగతి తర్వాత చెబుతాను.

పాత క్యాంపస్ ఊరి నడిబొడ్డున, చుయ్‌హు అనే చెరువు పక్కన గుట్ట మీద ఉంది. గేటు దాటగానే ఎదురుగా మెట్లు, మొత్తం 95. తొమ్మిది, అయిదు అంకెలు చక్రవర్తికి గుర్తు అని చైనీయులు చెబుతారు. కున్మింగ్ సముద్ర మట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంటుంది, అంటే మన అరకుకు సుమారు రెట్టింపు. మొదటి వారం ఆ మెట్లెక్కి పైకి చేరేసరికి నాకు చక్రవర్తి గుర్తుకు రాలేదు, ఆయాసమే మిగిలింది. పైన ఫ్రెంచి తరహా స్తంభాల భవనం కనిపిస్తుంది. దాని పేరు హుయ్‌జె. యున్నాన్‌ను ఏలిన సైనిక పాలకుడు తాంగ్ జియావో సొంత ఊరి పేరు అది. ఆయన పూనికతోనే 1922లో దోంగ్లు విశ్వవిద్యాలయం పేరిట ఈ సంస్థ మొదలైంది. మరుసటి ఏడాది తరగతులు ప్రారంభమయ్యాయి.

అయితే ఆ గుట్ట మీద చదువు 1922లో మొదలు కాలేదు. 1499 నుంచి అది ప్రావిన్సు పరీక్షల ప్రాంగణం. రాజోద్యోగం కోరేవాళ్లు మూడేళ్లకొకసారి వచ్చి, ఒక్కొక్కరు ఒక్కో ఇరుకు గదిలో రోజుల తరబడి కూర్చుని రాసేవారు. ఆ గదుల వరుస ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. తర్వాతి కాలంలో నల్లమందును సున్నం, ఉప్పునీళ్లలో కలిపి నాశనం చేయించి చరిత్రకెక్కిన లిన్ జెషు, 1819లో ఇక్కడికి పరీక్షాధికారిగా వచ్చారు. పర్యవేక్షకులు కూర్చునే సభామందిరం పేరు జిగోంగ్, అంటే పరమ నిష్పాక్షికత. విశ్వవిద్యాలయం నినాదంలో ఈ రెండు భవనాల పేర్లూ కలిసే ఉన్నాయి: 'హుయ్‌జె బైజియా, జిగోంగ్ తియాన్‌షియా'. ఒక సైనిక పాలకుడి ఊరి పేరును 'నూరు సంప్రదాయాల జలాలు చేరే చోటు' అనే అర్థం వచ్చేలా మలిచిన పండితుడికి దండం పెట్టాలి.

ఈ సంస్థ పేరు నిలబడింది యుద్ధకాలంలో. ప్రావిన్సు పాలకుడు లోంగ్ యున్ పిలుపు మీద 1937లో గణిత శాస్త్రవేత్త షియోంగ్ చింగ్లాయ్ అధ్యక్షుడిగా వచ్చారు. ఆయనది యున్నానే. ఫ్రాన్సులో చదివి, బీజింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయంలో గణిత విభాగం నిలబెట్టిన మనిషి. కొట్లో లెక్కలు రాసుకునే, తర్వాత గొప్ప గణిత శాస్త్రవేత్త అయిన హువా లువోగెంగ్ ప్రతిభను గుర్తించి, డిగ్రీ లేకపోయినా చింగ్‌హువాకు రప్పించిందీ ఆయనే. అంత పేరున్న వ్యక్తి బీజింగ్ వదిలి సరిహద్దు ప్రావిన్సుకు వచ్చి పన్నెండేళ్లు ఉండిపోయారు. అదే సమయంలో జపాన్ సేనలు తూర్పు తీరాన్ని ఆక్రమించడంతో బీజింగ్, చింగ్‌హువా, నాన్‌కాయ్ విశ్వవిద్యాలయాలు కలిసి ఒకే సంస్థగా కున్మింగ్‌కు తరలివచ్చాయి. విద్యార్థుల్లో ఒక బృందం చాంగ్‌షా నుంచి 68 రోజుల ప్రయాణంలో ఎక్కువ భాగం నడిచే వచ్చింది. 1938 నుంచి 1946 దాకా చైనా మేధావుల్లో పెద్ద భాగం ఈ ఊళ్లోనే కిరోసిన్ దీపాల కింద పాఠాలు చెప్పింది. అప్పట్లో కున్మింగ్‌కు సరుకు వచ్చింది మన అస్సాం నుంచి, హిమాలయాల మీదుగా ఎగిరిన విమానాల్లో. నేను భారతీయుడినని తెలియగానే మా భవనం కాపలా తాత మొదట ఆ విమానాల మాటే ఎత్తారు. సినిమా పాటల ప్రస్తావన ఆ తర్వాతే వచ్చింది.

ఆ నడక బృందంలో కవి, ఆచార్యుడు వెన్ ఈదువో కూడా ఉన్నారు. 1946 జులైలో ఆయన మిత్రుడు, ప్రజాస్వామ్య ఉద్యమకారుడు లీ గోంగ్‌పూను హంతకులు కాల్చి చంపారు. జులై 15న జిగోంగ్ మందిరంలో జరిగిన సంతాప సభలో వెన్ ఈదువో హంతకులను ముఖం మీదే నిలదీస్తూ మాట్లాడారు. ఆ రోజే ఆయననూ కాల్చేశారు. చైనా పిల్లలు ఆ ప్రసంగాన్ని బడిలో చదువుకుంటారు. నా గదిలో ఉన్న కుర్రాడికి అది కంఠతా వచ్చు. మందిరం గుమ్మంలో నిలబడి నాలుగు వాక్యాలు చెప్పి, సిగ్గుపడి ఆపేశాడు.

తర్వాతి కథ మనకు బాగా తెలిసిన ఉమ్మడి కుటుంబం కథే. 1950లలో సోవియట్ నమూనాలో విశ్వవిద్యాలయాలను విడగొట్టినప్పుడు కొడుకులు ఒక్కొక్కరే వాటా తీసుకుని వేరుపడ్డారు. 1954లో ఇంజనీరింగ్ వెళ్లింది, 1956లో వైద్యం, 1958లో వ్యవసాయం. ఈనాటి కున్మింగ్ వైద్య విశ్వవిద్యాలయం, యున్నాన్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ వాటాల మీద పెరిగినవే. 1958లోనే తల్లి సంస్థను కేంద్రం నుంచి ప్రావిన్సు చేతికి అప్పగించారు. మీరు అడిగిన 'ప్రావిన్సు' అనే మాట వెనక ఉన్నది ఇదే, చదువులో తక్కువదని కాదు. 1990లలో ఎంపిక చేసిన విశ్వవిద్యాలయాలను పైకి తేవడానికి ప్రభుత్వం పెట్టిన 211 పథకంలోనూ, 2017లో దేశంలోని అగ్రశ్రేణి విశ్వవిద్యాలయాల జాబితాలోనూ దీనికి చోటు దక్కింది. ఆ రెండోసారి దీన్ని నిలబెట్టిన విషయాలు జాతుల అధ్యయనం, జీవావరణ శాస్త్రం.

ఆ రెండే ఎందుకో కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది. చైనా అధికారికంగా గుర్తించిన 56 జాతుల్లో, జనాభాలో అత్యధికులైన హాన్‌లు కాక 25 జాతుల వాళ్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో యున్నాన్‌లో ఉన్నారు. ఉత్తరాన మంచు కొండలు, దక్షిణాన ఏనుగులు తిరిగే అడవి. కున్మింగ్‌కు దగ్గరలోని చెంగ్‌జియాంగ్ కొండల్లో సుమారు 52 కోట్ల ఏళ్ల నాటి మెత్తటి జీవుల శిలాజాలు దొరుకుతాయి. వాటిని 1984లో కనుగొన్న హౌ షియాన్‌గ్వాంగ్ తర్వాత ఈ విశ్వవిద్యాలయానికే వచ్చి పరిశోధనశాల పెట్టారు. ప్రావిన్సు విశ్వవిద్యాలయంలో ఆ ప్రావిన్సే అసలు గ్రంథాలయం. మీ అమ్మాయి విషయం ఆ నేలతో ముడిపడినదైతే బీజింగ్ కంటే కున్మింగ్ మేలు. కంప్యూటర్ శాస్త్రమో, ఆర్థిక శాస్త్రమో అయితే నేనంత గట్టిగా చెప్పను.

నా విభాగానికి మూలపురుషుడు ఫెయ్ షియావోతోంగ్. లండన్‌లో చదివి 1938లో వచ్చి యున్నాన్ పల్లెల్లో పొలాలు, భూములు, కుటుంబాలు పరిశీలించారు. బాంబుల భయంతో 1940లో ఆయన బృందం కున్మింగ్ శివార్లలోని చెంగ్‌గోంగ్‌లో ఒక పాత మూడంతస్తుల మందిరంలోకి మారింది. అది పరీక్షార్థులు మొక్కుకునే కుయ్‌షింగ్ దేవుడి మందిరం. విచిత్రం ఏమిటంటే, విశ్వవిద్యాలయం ఇప్పటి కొత్త క్యాంపస్ కట్టుకున్నదీ చెంగ్‌గోంగ్‌లోనే. ఊరికి దూరమని, మెట్రోలో పాత క్యాంపస్‌కు గంట పడుతుందని పిల్లలు గొణుగుతారు. మా పర్యవేక్షకులు మొదటి వారమే మమ్మల్ని ఆ మందిరానికి తీసుకెళ్లి, ఇరుకు మెట్లు ఎక్కించి, 'వీళ్లు ఇక్కడ కూర్చుని రాశారు, మీకు ఎయిర్ కండిషనర్ లేదని ఫిర్యాదు చేయకండి' అన్నారు. కున్మింగ్‌లో అది అవసరమే లేదు, కానీ ఎదురు చెప్పే ధైర్యం ఎవరికి ఉంది?

ఇక చదువు. అక్కడ మాస్టర్స్ అంటే విభాగం కంటే పర్యవేక్షకులే ముఖ్యం. ఆయన శిష్యులంతా ఒక ఇల్లు లాగా ఉంటారు. ముందు చేరినవారిని 'షిజ్యె' (అక్క), 'షిషియోంగ్' (అన్న) అని పిలవాలి. నా వ్యాసం మొదటి ప్రతిని రాత్రి రెండింటి దాకా కూర్చుని దిద్దింది మా షిజ్యె. కన్సల్టెన్సీ ఆయన చెప్పిన నల్లేరు ఇక్కడే ముళ్లు చూపింది. ఏడాదిలో భాష పరీక్ష గట్టెక్కవచ్చు. కానీ తరగతిలో ఆచార్యులు కున్మింగ్ యాసలోకి జారగానే నేను పుస్తకంలో బొమ్మలు వేసుకునేవాణ్ని. మొదటి సెమిస్టర్‌లో ఒక పరీక్ష తప్పాను కూడా. వ్యాసం చైనా భాషలో రాయాలి, ఆ భాషలోనే సమర్థించుకోవాలి. మీ అమ్మాయి కోర్సు ఏ భాషలో నడుస్తుందో ప్రవేశపత్రంలో చూడండి. ఏజెంటు మాట నమ్మవద్దు.

క్షేత్ర పనికి నన్ను యున్నాన్ దక్షిణ కొసన ఉన్న షిష్వాంగ్‌బన్నాకు, దై జాతి పల్లెకు పంపారు. బౌద్ధ ఆలయంలో తాళపత్రాలు చూపించారు. ఆ గుండ్రటి అక్షరాలు చూడగానే చదవగలనేమో అనిపించింది, ఒక్క ముక్కా రాలేదు. మన లిపి లాగే అదీ బ్రాహ్మి సంతతే. ఏప్రిల్ మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం, ఊరంతా నీళ్లు చల్లుకుంటారు. తడిసిన నోటు పుస్తకంలో సగం సిరా కరిగిపోయింది. నా వ్యాసంలో రెండో అధ్యాయం పలచగా ఉండటానికి అసలు కారణం అదే, పర్యవేక్షకులకు మాత్రం చెప్పలేదు.

తిండి గురించి తల్లిదండ్రులు తప్పక అడుగుతారు కాబట్టి: యున్నాన్‌వాళ్లు కారం బాగా తింటారు, అన్నం తింటారు, బియ్యపు సేమియా మిషియన్‌ను మూడు పూటలా తింటారు. శాకాహారి అయితే 'రుబింగ్' అనే మేకపాల జున్నును వేయించి పెడతారు, పనీర్‌కు పినతల్లి కూతురు. సూపులో మాంసం ఎముకలు మరిగించారా అని ప్రతిసారీ అడగాలి. గదుల్లో హీటర్లు ఉండవు. వసంత నగరం అని పేరు విని పలచటి దుప్పటితో వెళ్లి జనవరిలో నేను వణికాను. మందపాటిది ఒకటి అక్కడే కొనుక్కోమనండి.

సీటు ఏ విభాగంలోనో, పర్యవేక్షకులు ఖరారయ్యారో లేదో రాయండి. మానవశాస్త్రం అయితే ఏ పుస్తకాలు ముందుగా చదవాలో నేనే చెబుతాను. శిలాజాలో, జీవావరణమో అయితే నాతో చదివిన ఒకరిని అడిగి రాస్తాను.