ముందు మూడు నెలలకే లెక్క వేసుకోండి

ప్రశ్న: మాది కోనసీమ. నాన్నగారికి 74 ఏళ్లు, కొబ్బరి రైతు. మూడు వారాల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట రావడం లేదు. శుక్రవారం డిశ్చార్జ్ చేస్తామంటున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య, తోట అమ్మేసి నాన్నను ఏదైనా మంచి హోమ్‌లో చేర్పిద్దామంటున్నాడు. అమ్మ ససేమిరా అంటోంది. బ్యాంకులో డబ్బంతా నాన్న ఒక్కరి పేరునే ఉంది. ఏం చెయ్యాలో తోచడం లేదు.
- ఒక కూతురు

జవాబు: అమ్మాయ్, తోట ఎక్కడికీ పోదు. శుక్రవారంలోగా తేల్చాల్సింది అది కాదు. పక్షవాతం నుంచి కోలుకోవడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే కనబడుతుంది. ఆ తర్వాతా ఉంటుంది గానీ నెమ్మది. ఆయన కర్ర పట్టుకుని వసారాలోకి వస్తారో, మంచానికే పరిమితమవుతారో ఇవాళ ఎవరూ చెప్పలేరు. అంచేత మూడు నెలలకే లెక్క వేసుకోండి. హోమ్ మాట ఆ తర్వాత. అది తప్పని నేననను. అమ్మ నడుం విరిగాక తీసుకునే నిర్ణయం కాకూడదంతే.

ఈ నాలుగు రోజులూ వార్డులో ఉండి, నర్సు చేస్తుంటే చూడడం కాదు, నీ చేత్తో నువ్వు చెయ్యి. దుప్పటిని నాలుగు మడతలేసి ఆయన నడుం కింద పరిచి, దాన్ని పట్టుకుని పక్కకు తిప్పాలి. పడిపోయిన చెయ్యి పట్టి లాగావో, భుజం జారుతుంది. రెండు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా, ఒత్తిగిలించాలి. నేను 34 ఏళ్లు నర్సుగా చేసి రిటైరైనదాన్ని. మా అత్తగారు మంచాన పడ్డప్పుడు, ఎయిర్ బెడ్ ఉంది కదా అని రెండు రాత్రులు ఆదమరిచి నిద్రపోయాను. మూడో రోజు తోక ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. అది పుండై, మానడానికి నాలుగు నెలలు పట్టింది.

తిండి విషయం ఇంకా జాగ్రత్త. నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో పెట్టాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. నీళ్లు తాగుతూ దగ్గు వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతున్నట్టే అనుకుని ఆపెయ్. ఏం చిక్కదనంలో పెట్టాలో డిశ్చార్జ్‌కి ముందే అడిగి రాసుకో.

ఇక మనిషి. ఆయా వేరు, నర్సు వేరు. ముక్కు గొట్టం, యూరిన్ గొట్టం ఉంటే కొన్నాళ్లు నర్సు కావాలి. లేకపోతే రాత్రికి ఒక ఆయా చాలు. అన్నయ్య డబ్బు పంపుతానంటే ముందుగా ఆ రాత్రి మనిషికి పంపమను. పగలు చాకిరీ చేసిన అమ్మ రాత్రయినా నిద్రపోవాలి, లేకపోతే నీకు రెండో మంచం తయారు.

70 దాటినవారికి ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. లేకపోతే తీసుకోండి. కానీ అది ఆసుపత్రిలో చేరినప్పటికే. ఇంట్లో ఆయా జీతం, డైపర్లు, ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అన్నీ మీ చేతి నుంచే. చాలా ఇళ్లలో లెక్క తప్పేది ఇక్కడే.

బ్యాంకుకు ఆయన్ని స్ట్రెచర్ మీద మోసుకెళ్లకండి. కదల్లేని ఖాతాదారు ఎడమ చేతి వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు మనిషే. మేనేజరుకు కాగితం రాసివ్వండి. జీపీఏ, అంటే ఆయన తరఫున పనులు చూసే అధికారం మీకిచ్చే పత్రం, రాయించాలన్నా సబ్ రిజిస్ట్రారును ఇంటికి పిలవచ్చు. అయితే అది మనిషికి మతి ఉండగానే రాయించాలి, అందుకే వాయిదా వెయ్యకండి. తర్వాత మతి తప్పినా ఆ జీపీఏ ఇక చెల్లదు. ఇల్లూ తోటా ఎవరి పేరునో రాయించేద్దామని మాత్రం ఈ నెలలో ఎవరైనా అంటే, ఎంత దగ్గరవాళ్లయినా సరే, వద్దను.

నీ ఉత్తరంలో అన్నయ్య మాట ఉంది, అమ్మ మాట ఉంది. నాన్న మాట లేదు. మాట రానంత మాత్రాన ఏమీ తెలియడం లేదని కాదు. ఎంత అర్థమవుతోందో డాక్టరు చేత చూపించు. తర్వాత అవును, కాదు అని తలూపేలా ఒక్కొక్కటే అడుగు. ఇంట్లో ఉంటావా నాన్నా? రాత్రి మనిషిని పెట్టమంటావా? తోట కౌలుకిద్దామా? ఒకే ప్రశ్న మర్నాడు కూడా అడుగు, అదే జవాబొస్తే నమ్ము.

మంచం కిటికీ పక్కన వేయండి. ఎడమ చేతికి అందేలా ఒక గంట పెట్టండి, పూజగదిలోదైనా సరే. మా అత్తగారు గంట వద్దని స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేవారు. రెండు దెబ్బలైతే నీళ్లు, మూడైతే నేను రావాలి.