కళింగపట్నం తీరంలో గైడ్‌తో ఎలక్ట్రిక్ సైకిల్ టూర్: పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా?

మీరు మూడు విషయాలు అడిగారు. శ్రీకాకుళం సముద్రతీరంలో గైడ్‌తో ఎలక్ట్రిక్ సైకిల్ టూర్‌కి డబ్బు పెట్టొచ్చా, 60 దాటిన మీ నాన్నగారు తొక్కగలరా, ఫోన్‌లో మ్యాప్ చూసుకుని మనమే వెళ్ళిపోతే సరిపోదా అని. నేను శ్రీకాకుళంలోనే ఉంటాను. సంక్రాంతి పండక్కి హైదరాబాద్ నుంచి అక్కా, బావగారూ వచ్చినప్పుడు ముగ్గురం కలిసి శ్రీకూర్మం నుంచి కళింగపట్నం దాకా ఇలాంటి టూర్‌లో వెళ్ళాం. బావగారిది మీ నాన్నగారి వయసే, మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి. కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను.

వెళ్ళండి. నాన్నగారు కొంతకాలం కిందటి వరకైనా సైకిల్ తొక్కి ఉంటే ఆయన కూడా హాయిగా తొక్కగలరు. అయితే ఈ టూర్‌లో మీరు డబ్బు పెట్టాల్సింది సైకిల్ కోసం కాదు, గైడ్ కోసం. సైకిల్ ఏదైనా ఫరవాలేదు గానీ గైడ్ మాత్రం ఆ తీరపు మనిషే అయ్యుండాలి. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను.

విశాఖపట్నం నుంచి భీమిలికి ఉన్నట్టు సముద్రం పక్కనే సాగిపోయే బీచ్ రోడ్డు మనకు లేదు. జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. అయితే ఒక్కో పల్లెకూ లోపలి రోడ్డు నుంచి ఒక్కో దారి విడిగా వస్తుంది. ఆ పల్లె దాటగానే సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు, మొగలి పొదలు, మధ్యలో గెడ్డలు (వాగులు). వాటన్నిటినీ మించి వంశధార నది. కళింగపట్నం దగ్గర నది సముద్రంలో కలిసేచోట అవతలి ఒడ్డు కళ్ళెదుటే ఉంటుంది కానీ సైకిల్‌తో దాటే దారి ఉండదు. జాతీయ రహదారి మీద మడపాం వంతెన దాకా వెనక్కి వెళ్ళాలంటే అదో వేరే ప్రయాణం. మ్యాప్‌లో సన్నటి గీతలా కనిపించే దారి సరుగుడు తోటలోకి తీసుకెళ్ళి మెత్తటి ఇసుకలో ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ సైకిల్ 20 కిలోల పైనే బరువుంటుంది. దాన్ని ఇసుకలో అర కిలోమీటరు తోయాల్సి వస్తే మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి టూర్ అక్కడితో సరి.

మా గైడ్ గార మండలంలోని ఒక మత్స్యకార పల్లె కుర్రాడు. ఇసుక మీద ఎప్పుడు తొక్కొచ్చో అతనికి తెలుసు. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి వెళ్ళాక తడి ఇసుక గట్టిగా ఉంటుంది, టైరు దిగబడదు. పోటు మొదలైతే ఆ జాగా మాయమవుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ కాబట్టి ఆ రోజుల్లో వచ్చేవాళ్ళని లోపలి దారిలో తీసుకెళ్తానన్నాడు. ఈ లెక్క అతను ఫోన్ చూసి చెప్పలేదు, తిథి చూసి చెప్పాడు.

పల్లె మొదట్లోనే అందర్నీ సైకిళ్ళు దిగమన్నాడు. ఒడ్డున వలలు ఆరబెట్టి ఉన్నాయి, పక్కనే ఎండు చేపలు పరిచి ఉన్నాయి. వల మీద సైకిల్ ఎక్కితే పోగు తెగుతుంది. దాన్ని అల్లుకోవడానికి వాళ్ళకి ఒక పూట పని పోతుంది. మేం నడిపించుకుంటూ వెళ్తుంటే గట్టు మీద కూర్చున్న ఒకావిడ "ఏటి బాబూ, ఎవులు వీలు?" అని అడిగింది. "మన టౌనోలే పిన్నీ" అన్నాడు గైడ్. ఆ ఒక్క మాటతో ఆ పల్లెలో మాకు చుట్టాల మర్యాద దొరికింది. తాగడానికి నీళ్ళిచ్చారు, అక్కకి తేగలు కాల్చి పెట్టారు. జనవరి తేగల కాలం కదా. ఇది ఏ టూర్ ప్యాకేజీలోనూ రాసి ఉండదు, బయటి ఊరి గైడ్‌తో వెళ్తే దొరకదు కూడా.

అక్కడే ఒక ముసలాయన మా సైకిల్ బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూసి "తొక్కక్కర్లేదేటి?" అన్నాడు. తొక్కాలి, తొక్కితేనే మోటారు సాయం చేస్తుంది అని గైడ్ చెప్పాడు. వెంటనే ఆయన "ఉప్పుగాలికి ఇది ఎన్నాళ్ళుంటాది?" అని అడిగాడు. బోటు ఇంజన్‌తో బతికిన మనిషి కాబట్టి అసలు ప్రశ్న అడిగాడు. మీరు కూడా డబ్బు కట్టే ముందు నిర్వాహకులని ఇదే అడగండి. ఉప్పుగాలికి చైను, బ్రేకు కేబుళ్ళు, బ్యాటరీ కనెక్షన్లు తొందరగా తుప్పు పడతాయి. ప్రతి ట్రిప్ తర్వాత మంచినీళ్ళతో తుడిచి, చైనుకి నూనె పెట్టేవాళ్ళ సైకిల్ చూడగానే తెలిసిపోతుంది. ఎర్రగా తుప్పు పట్టిన చైను కనిపిస్తే ఆ సైకిల్ తీసుకోకండి. నాకు తెలిసిన ఒకాయన వేరే బృందంతో వెళ్ళినప్పుడు ఫొటోల కోసం అలల్లోకి తొక్కించారట. ఆయన సైకిల్ కాసేపటికే ఆగిపోయింది, సముద్రపు నీళ్ళు మోటారు కనెక్షన్‌లోకి వెళ్ళాయి. వానకి తట్టుకునే సైకిల్ ఉప్పునీటిలో మునిగితే తట్టుకోదు.

ఇక నాన్నగారి సంగతి. మన దేశంలో మోటారు శక్తి 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్‌కి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాబట్టి వేగం గురించి టెన్షన్ పడకండి. చూడాల్సింది బ్యాలెన్సు. ఎక్కడం, దిగడం, ఆగినప్పుడు నేల మీద కాలు ఆనించడం, ఈ మూడూ తడబాటు లేకుండా వస్తే చాలు, బలం సంగతి మోటారు చూసుకుంటుంది. మధ్యలో రాడ్ లేని ఫ్రేమ్ కావాలని ముందే చెప్పండి. బావగారు మొదట మామూలు ఫ్రేమ్ సైకిల్ ఎక్కబోయి కాలు అంత ఎత్తుకి లేపలేక ఇబ్బంది పడ్డారు. రాడ్ లేనిది ఇచ్చాక మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు. సీటు ఎత్తు కూడా ముఖ్యమే. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి మీద భారం పడి సాయంత్రానికి నొప్పి వస్తుంది. గుండె జబ్బు, బీపీ మందులు ఉంటే ముందు డాక్టర్ని అడగండి, అది మనం తేల్చే విషయం కాదు.

ఒక చిన్న విషయం చాలామంది చెప్పరు. తక్కువ ధర సైకిళ్ళలో పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్ ఉంటుంది. మీరు ఎంత బలంగా తొక్కుతున్నారో దానికి తెలియదు. కాబట్టి తొక్కడం మొదలుపెట్టిన క్షణం తర్వాత మోటారు ఒక్కసారిగా ముందుకి తోస్తుంది. తొక్కడం ఆపాక కూడా కొద్దిసేపు తోస్తూనే ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు అక్కడే కంగారు పడతారు. బ్రేకు నొక్కితే మోటారు ఆగిపోవాలి. అది పనిచేస్తోందో లేదో ఖాళీ జాగాలో ముందే చూసుకోవాలి. మా గైడ్ శ్రీకూర్మం దగ్గర ఖాళీ స్థలంలో పావుగంట పైగా మాచేత ఇదే చేయించాడు. ఆ ఓపిక లేని గైడ్ అయితే నాన్నగారిని వాళ్ళ చేతిలో పెట్టకండి.

బ్యాటరీ ఎంత దూరం వస్తుందని కూడా రాశారు. మాకిచ్చినవి 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు, అంటే రెండిటినీ గుణిస్తే 360 వాట్ అవర్ల శక్తి. మనం కూడా తొక్కుతూ ఉంటే చదును తారురోడ్డు మీద కిలోమీటరుకి సుమారు 10 వాట్ అవర్లు ఖర్చవుతుంది అనుకోండి. కాగితం మీద 36 కిలోమీటర్లు. కానీ ఎదురుగాలి, ఇసుక, మనిషి బరువు కలిస్తే ఆ లెక్క బాగా తగ్గిపోతుంది. శ్రీకాకుళం నుంచి తొక్కుకుంటూ కళింగపట్నం వెళ్ళి తిరిగి రావడం పెద్దవాళ్ళతో వద్దు. మేం వ్యాన్‌లో శ్రీకూర్మం దాకా వెళ్ళి అక్కడ మొదలుపెట్టాం. అక్కడి నుంచి కళింగపట్నానికి 20 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. రానూపోనూ తొక్కాలంటే ఒక్క చార్జి సరిపోకపోవచ్చు, తిరుగు ప్రయాణం సంగతి ముందే అడగండి.

గాలి సంగతి ఎవరూ చెప్పరు కానీ ఇక్కడ దానిదే పెత్తనం. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. శీతాకాలంలో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది, కాబట్టి శ్రీకూర్మం నుంచి కళింగపట్నం వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి. ఒంట్లో ఓపిక, బ్యాటరీలో చార్జి ఉన్నప్పుడే కష్టం అయిపోతుంది, అదే మేలు. ఎండాకాలంలో దీనికి తలకిందులు. మధ్యాహ్నం దాటాక నైరుతి గాలి బలంగా వీస్తుంది. వెళ్ళేటప్పుడు ఏమీ తెలియదు, తిరిగి వచ్చేటప్పుడు మోటారు ఉన్నా ముందుకు సాగదు. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఒకవైపే తొక్కి, కళింగపట్నం నుంచి వ్యాన్‌లో తిరిగొచ్చే ఏర్పాటు అడగండి. తెల్లవారకముందే బయల్దేరండి. మే నెలలో ఐదున్నరకే తెల్లారిపోతుంది, తొమ్మిదింటికల్లా ఎండ భరించలేం.

దారిలో శాలిహుండం అనే బౌద్ధ క్షేత్రం దగ్గర ఆగకుండా వచ్చేయకండి. చాలా టూర్లలో దాన్ని ఫొటోకి మాత్రమే ఆగే జాగాగా పెడతారు, నాకది అస్సలు నచ్చదు. సైకిళ్ళు కింద పెట్టి మేం నడిచే ఎక్కాం. బావగారు మధ్యమధ్యలో కూర్చుంటూ వచ్చారు. కొండ మీద బౌద్ధ స్తూపాల, చైత్యాల ఇటుక కట్టడాలు ఉన్నాయి. కింద వంశధార, తూర్పున దూరంగా సముద్రం కనిపిస్తాయి. బౌద్ధులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో పైన నిలబడితే అర్థమవుతుంది. నది మీద, సముద్రం మీద వచ్చేపోయే ఓడలు కనిపించే చోటు ఇది. ఈ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామ్మూర్తి పంతులుగారే. వాడుక భాష కోసం, సవర భాష కోసం ఆయన చేసిన పని అందరికీ తెలుసు. ఈ కొండ సంగతి జిల్లాలోనే చాలామందికి తెలియదు, అదే నాకు బాధ. కనీసం గంటసేపు ఇక్కడ ఉండేలా ముందే మాట్లాడుకోండి.

కళింగపట్నంలో లైట్‌హౌస్, పాత ఓడరేవు, బీచ్ చూస్తారు. తుపాను కబుర్లలో ఎప్పుడూ వినే కళింగపట్నం ఇదే. స్నానానికి మాత్రం దిగొద్దు, ముఖ్యంగా నది సముద్రంలో కలిసేచోట. ప్రవాహం లోపలికి లాగేస్తుంది. మా గైడ్ ఈ ఒక్క విషయంలోనే గట్టిగా మాట్లాడాడు.

జనవరి నుంచి మార్చి దాకా వెళ్తే ఇంకో సంగతి. అప్పుడు మన జిల్లా తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లు ఉంటాయి. అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థల వాళ్ళు వాటిని ఏరి, వల కంచె కట్టిన చోట పాతిపెడతారు. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. ఏరకుండా మిగిలిపోయిన గూడు ఇసుక కింద ఎక్కడుందో మనకి పైకి కనపడదు. అందుకే ఆ నెలల్లో పొడి ఇసుక మీద తొక్కనిచ్చే గైడ్‌ని, రాత్రి లైట్లు వేసి బీచ్ రైడ్ పెడతామనేవాళ్ళని దయచేసి ఒప్పుకోకండి. ఆ వెలుతురుకి పిల్లలు దారి తప్పి సముద్రం వైపు కాకుండా ఊరి వైపు నడుస్తాయి. శ్రీకూర్మంలో తాబేలు రూపంలో ఉన్న కూర్మనాథుడికి దండం పెట్టుకుని బయల్దేరిన మనం ఆ మాత్రం చూసుకోవాలి.

సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా అడ్వాన్సు కట్టేముందు తుపాను వస్తే డబ్బు వెనక్కి ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర, 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నానికి కాస్త ఉత్తరాన తీరం దాటాయి. ఆ నెలల్లో వాతావరణం ఎప్పుడు మారుతుందో చెప్పలేం.

గైడ్ లేకుండా వెళ్ళాలనే ఉంటే శ్రీకూర్మం నుంచి శాలిహుండం దాకా తారురోడ్డు మీద మీరే వెళ్ళిరండి, ఇబ్బంది లేదు. స్పేర్ ట్యూబు, గాలి పంపు మాత్రం పెట్టుకోండి, దారి పక్కన తుమ్మ ముళ్ళు ఎక్కువ. హబ్ మోటారు (చక్రం మధ్యలోనే బిగించిన మోటారు) ఉన్న వెనక చక్రాన్ని ఊరి సైకిల్ షాపులో విప్పడానికి జంకుతారు, కాబట్టి దాని నట్టుకి సరిపోయే స్పానర్ కూడా తీసుకెళ్ళండి. పల్లెల్లోకి, ఇసుక మీదికి వెళ్ళాలంటే మాత్రం అక్కడి మనిషిని వెంటపెట్టుకోండి. విజయనగరం వైపు చింతపల్లి తీరం కూడా బాగుంటుంది కానీ ఆ జిల్లా తీరం బాగా చిన్నది, మొదటిసారి వచ్చేవాళ్ళకి నేను ఇటే చెబుతాను.

బుక్ చేసేటప్పుడు గైడ్ ఏ ఊరివాడు, వెనక వ్యాన్ వస్తుందా, ఒక గైడ్‌కి ఎంతమందిని అప్పగిస్తారు అని అడగండి. ఐదారుగురికి మించితే వెనకబడిన పెద్దవాళ్ళని ఎవరూ చూసుకోరు. నాన్నగారి ఎత్తు, బరువు ముందే చెప్పి, సరిపడే సైకిల్, హెల్మెట్ పక్కన పెట్టించండి. వీలైతే ముందురోజు సాయంత్రమే వచ్చి ఆయన్ని ఒకసారి తొక్కి చూడమనండి.