ఒక్క పనికే వీపీఎన్, మిగతా ఇంటికి మామూలు నెట్

ఇంటి నుంచి, చిన్న ఊళ్లలోని ఆఫీసుల నుంచి పనిచేసేవారు వీపీఎన్‌ను (ఇంటర్నెట్ మీదుగా మరో నెట్‌వర్క్‌కు వేసే రహస్య దారిని) కంటైనర్‌లో (ప్రోగ్రామును మిగతా కంప్యూటర్ నుంచి వేరుచేసి నడిపే పెట్టెలో) నడపడం గురించి పంపిన ప్రశ్నలకు ఈసారి శీర్షికను కేటాయిస్తున్నాం. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి జవాబు ఇచ్చాం.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు నల్లగొండలోని మా ఇంటి నుంచే పనిచేస్తున్నాను. సంస్థ ఇచ్చిన వీపీఎన్ ఆన్ చేయగానే నా ఉబుంటు కంప్యూటర్ మొత్తం అటే మళ్లుతుంది. ఇంట్లో ప్రింటర్ కనబడదు, వాకిట్లో పెట్టిన కెమెరా దృశ్యం ఆగిపోతుంది, ఇదే కంప్యూటర్‌లో పిల్లలు చూసే పాఠాల వీడియోలు ఆగి ఆగి వస్తాయి. వీపీఎన్ క్లయింట్‌ను (మన వైపు నడిచే వీపీఎన్ ప్రోగ్రామును) డాకర్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చే కంటైనర్‌లో నడిపితే ఈ ఇబ్బంది తప్పుతుందని మిత్రుడొకరు చెప్పారు. నిజమేనా? ఎలా చేయాలి?
— ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజమే. అయితే పని మొదలుపెట్టే ముందు సంస్థ ఐటీ విభాగాన్ని అడిగి, మెయిల్‌లో అనుమతి తీసుకోండి. కొన్ని సంస్థల వీపీఎన్ క్లయింట్లు కనెక్ట్ అయ్యే ముందు కంప్యూటర్‌లో యాంటీవైరస్ ఉందా, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందా అని తనిఖీ చేస్తాయి. అలాంటి చోట కంటైనర్ ఆ తనిఖీ దాటలేదు, దాటించే ప్రయత్నం చేయడం కూడా సరికాదు. అనుమతి ఉంటేనే కింది మాటలు మీకు పనికొస్తాయి.

వీపీఎన్ క్లయింట్ ప్రధానంగా రెండు పనులు చేస్తుంది. ముందు కంప్యూటర్‌లో ఒక కృత్రిమ నెట్‌వర్క్ కార్డును సృష్టిస్తుంది, దాని పేరు సాధారణంగా టన్0 అనో డబ్ల్యూజీ0 అనో ఉంటుంది. ఆపైన ఏ చిరునామాకు ఏ దారిలో వెళ్లాలో చెప్పే రూటింగ్ పట్టికను మార్చి, బయటికి వెళ్లే ప్యాకెట్లన్నీ (డేటా ముక్కలన్నీ) ఆ కార్డు గుండానే పోయేట్లు చేస్తుంది. మామూలు వాడకంలో ఆ పట్టిక కంప్యూటర్ అంతటికీ ఒకటే కాబట్టి, ఆఫీసు పనికి వేసిన దారిలోనే పిల్లల వీడియో కూడా ప్రయాణించవలసి వస్తోంది. లినక్స్ కెర్నెల్‌లో (ఉబుంటుకు ఆధారమైన మూల ప్రోగ్రాములో) దీనికి పరిష్కారంగా నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అనే ఏర్పాటు ఉంది. ప్రతి నేమ్‌స్పేస్‌కూ సొంత నెట్‌వర్క్ కార్డులు, సొంత రూటింగ్ పట్టిక, సొంత ఫైర్‌వాల్ నియమాలు ఉంటాయి, డాకర్ ప్రతి కంటైనర్‌కూ మామూలుగా ఒక కొత్త నేమ్‌స్పేస్‌ను ఇస్తుంది. సాగర్ ఎడమ కాలువ ఎంత పెద్దదైనా ఒక తూము ఎత్తితే ఆ తూము కింది మడులకే నీరు పారినట్లు, కంటైనర్ లోపల వీపీఎన్ మార్చిన దారి ఆ కంటైనర్‌లో ఉన్న ప్రోగ్రాములకే వర్తిస్తుంది. మీ కంప్యూటర్ అసలు రూటింగ్ పట్టికలో ఒక్క గీత కూడా మారదు.

ఇక ఆచరణ సంగతి. కంటైనర్‌కు నెట్‌వర్క్ అమరికలు మార్చే నెట్ అడ్మిన్ అనే ఒక్క అధికారం ఇవ్వాలి. ఓపెన్‌వీపీఎన్ లేదా ఓపెన్‌కనెక్ట్ అనే వీపీఎన్ ప్రోగ్రాములు వాడేవారైతే టన్ అనే పరికర ఫైల్‌ను కూడా లోపలికి అందించాలి. వైర్‌గార్డ్ అనే మరో రకం వీపీఎన్ 2020లో 5.6 వెర్షన్‌తో లినక్స్ కెర్నెల్‌లోనే భాగమైంది కాబట్టి, కెర్నెల్ మరీ పాతది కాకపోతే దానికి టన్ ఫైల్ అవసరం లేదు. అయితే వైర్‌గార్డ్‌తో ట్రాఫిక్ మొత్తాన్ని మళ్లించేటప్పుడు ఎస్ఆర్‌సీ వ్యాలిడ్ మార్క్ అనే కెర్నెల్ అమరికను కంటైనర్ ప్రారంభించేటప్పుడే 1గా పెట్టాలి. పెట్టకపోతే క్లయింట్ లోపలినుంచి దాన్ని మార్చబోయి, ఆ ఫైల్ చదవడానికి మాత్రమే ఉందన్న సందేశంతో ఆగిపోతుంది. ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు ప్రివిలేజ్డ్ మోడ్ పెట్టేస్తే పోతుందని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. ఆ మాట వినకండి. ఆ మోడ్‌లో నడిచే కంటైనర్‌కు మీ కంప్యూటర్‌లోని పరికరాలన్నిటిపైనా అధికారం వస్తుంది, కాబట్టి ఒక చిన్న అమరిక కోసం అంత అధికారం ఇవ్వడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. అలాగే మీ వీపీఎన్ రహస్య తాళం ఉన్న ఫైల్‌ను ఇమేజ్‌లో (కంటైనర్‌ను తయారుచేసే మూల ప్యాకేజీలో) కలపవద్దు. దాన్ని కంప్యూటర్‌లోనే ఉంచి, మీరు తప్ప మరొకరు చదవలేని అనుమతులతో కంటైనర్‌కు మౌంట్ చేయండి (లోపలినుంచి కనబడేలా కలపండి).

ఇంతవరకు చేస్తే వీపీఎన్ కంటైనర్‌లో నడుస్తుంది గానీ, మీ బ్రౌజర్ బయటే ఉంది. దాన్ని లోపలికి కలపడానికి సాక్స్5 ప్రాక్సీని (బ్రౌజర్ తరఫున ట్రాఫిక్‌ను అందుకొని పంపే మధ్యవర్తి ప్రోగ్రామును) మరో చిన్న కంటైనర్‌లో పెట్టి, దాని నెట్‌వర్క్ మోడ్‌లో వీపీఎన్ సర్వీస్ పేరు రాయండి. అప్పుడు రెండు కంటైనర్లూ ఒకే నేమ్‌స్పేస్‌ను పంచుకుంటాయి. ప్రాక్సీ పోర్టు 1080 అయితే దాన్ని వీపీఎన్ కంటైనర్ వద్దనే ప్రకటించాలి, అదీ ఈ కంప్యూటర్‌నే సూచించే 127.0.0.1 చిరునామాకే పరిమితం చేసి. ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది: చిరునామా రాయకుండా పోర్టు ప్రకటిస్తే మీ వైఫైలో ఉన్న ప్రతి పరికరానికీ అది తెరిచి ఉంటుంది, ఉబుంటులోని యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో మీరు మూసినా డాకర్ సొంతంగా రాసుకునే నియమాలు దాన్ని దాటిపోతాయి. తరువాత ఫైర్‌ఫాక్స్‌లో ఆఫీసు పనికోసం వేరే ప్రొఫైల్ తయారుచేసి, దానికి మాత్రమే ఈ ప్రాక్సీ చూపించి, డీఎన్ఎస్ ప్రశ్నలను (వెబ్‌సైట్ పేరుకు ఐపీ చిరునామా ఏదని అడిగేవాటిని) కూడా ప్రాక్సీ ద్వారానే పంపే ఎంపికను ఆన్ చేయండి. లేకపోతే మీ ఆఫీసు లోపలి వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలను బ్రౌజర్ మీ ఇంటి ఇంటర్నెట్ సంస్థ సర్వర్‌ను అడుగుతుంది, అక్కడ వాటికి జవాబు దొరకదు. ఆ ప్రొఫైల్‌లో తెరిచినవన్నీ సంస్థ దారిలో, మిగిలినవన్నీ ఇంటి దారిలో వెళ్తాయి. ప్రింటర్, కెమెరా ఎప్పటిలా పనిచేస్తాయి.

ప్రశ్న: నేను ఎంసీఏ విద్యార్థిని. ఓపెన్‌వీపీఎన్‌ను కంటైనర్‌లో నడుపుతూ, దాని వెనుక నా ప్రాజెక్టు ప్రోగ్రాములు పెట్టాను. ఒక రాత్రి వీపీఎన్ తెగిపోయినా ప్రోగ్రామ్ ఆగలేదు. తెల్లవారి లాగ్ చూస్తే అప్పటినుంచి అంతా మా ఇంటి ఐపీ చిరునామాతోనే వెళ్లినట్లు తెలిసింది. ఇది కంటైనర్ లోపమా?
— ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: కంటైనర్ లోపం కాదు, దారి వేసిన తీరులోనే ఉంది. కంటైనర్ మొదలైనప్పుడే దానికి డాకర్ బ్రిడ్జి (కంటైనర్లను కంప్యూటర్ నెట్‌వర్క్‌తో కలిపే వంతెన) గుండా మామూలు ఇంటర్నెట్‌కు ఒక దారి ఉంటుంది. ఓపెన్‌వీపీఎన్ ఆ దారిని తీసివేయదు. ఇంటర్నెట్ చిరునామాలన్నిటినీ 0.0.0.0/1, 128.0.0.0/1 అని రెండు సగాలుగా చేసి ఆ రెండింటికీ టన్నెల్ (వీపీఎన్ వేసిన దారి) గుండా కొత్త దారులు వేస్తుంది. ఎక్కువ నిర్దిష్టంగా ఉన్న దారికే కెర్నెల్ మొగ్గు చూపుతుంది కాబట్టి, పాత దారి పట్టికలో ఉన్నా దానిపై ఎవరూ నడవరు. టన్నెల్ పడిపోయి టన్0 మాయమైనప్పుడు ఆ రెండు దారులూ దానితోపాటే పోతాయి, పాత దారి మళ్లీ వాడుకలోకి వస్తుంది. మీ ప్రోగ్రామ్‌కు ఈ మార్పు తెలిసే మార్గమే లేదు, అందుకే దాని పని అది చేసుకుంటూ పోయింది.

టన్నెల్ తెగితే ట్రాఫిక్ ఆగాలే తప్ప బయటికి రాకూడదు. నా దృష్టిలో వీపీఎన్ కంటైనర్‌కు ఇది అదనపు సౌకర్యం కాదు, ఇది లేనిదాన్ని వీపీఎన్ కంటైనర్ అని పిలవడానికే నేను ఒప్పుకోను. దీనికి కంటైనర్ లోపల ఐపీటేబుల్స్ అనే ఫైర్‌వాల్‌లో బయటికి వెళ్లే ట్రాఫిక్ అంతటినీ తిరస్కరించే విధానాన్ని ముందు పెట్టి, ఆ తరువాత అవసరమైన వాటికే అనుమతి ఇవ్వాలి: లోపలి లూప్‌బ్యాక్ కార్డుకు, టన్0 గుండా వెళ్లేవాటికి, వీపీఎన్ సర్వర్ ఐపీ చిరునామాకు దాని పోర్టుపైన మాత్రమే. ఓపెన్‌వీపీఎన్‌లో అది సాధారణంగా యూడీపీ 1194. సర్వర్‌ను పేరుతో కాక ఐపీ చిరునామాతో రాయడం మేలు, లేకపోతే పేరును చిరునామాగా మార్చడానికే టన్నెల్ బయట డీఎన్ఎస్‌కు అనుమతి ఇవ్వవలసి వస్తుంది. ఈ నియమాలు క్లయింట్ మొదలుకాకముందే అమలులోకి రావాలి. ఐపీవీ6కు (ఐపీవీ4 తరువాతి కొత్త తరం ఐపీ చిరునామాలకు) నియమాలు విడిగా రాయాలని గుర్తుంచుకోండి. డాకర్ సాధారణ నెట్‌వర్క్‌లలో ఐపీవీ6 ఉండదు గానీ, మీరు ఎప్పుడైనా దాన్ని ఆన్ చేస్తే ఐపీవీ4 నియమాలు దాన్ని ఆపలేవు.

డీఎన్ఎస్‌ను కూడా ఒకసారి చూసుకోండి. మీరు సొంతంగా సృష్టించిన డాకర్ నెట్‌వర్క్‌లో కంటైనర్ పేర్ల ప్రశ్నలను 127.0.0.11 అనే డాకర్ లోపలి సర్వర్‌కు పంపుతుంది. అది తనకు తెలియని పేర్లను హోస్ట్ కంప్యూటర్ (కంటైనర్ నడుస్తున్న కంప్యూటర్) వాడే డీఎన్ఎస్ సర్వర్‌కు పంపుతుంది. ఆ ప్రశ్న టన్నెల్ బయటినుంచి పోయే అవకాశం ఉంది కాబట్టి, వీపీఎన్ వైపున్న డీఎన్ఎస్ సర్వర్‌ను కంటైనర్‌లో నేరుగా రాయండి.

అన్నీ అమర్చాక నమ్మకంతో వదిలేయకండి. కంటైనర్ నడుస్తుండగానే లోపలికి వెళ్లి ఓపెన్‌వీపీఎన్ ప్రాసెస్‌ను మీరే ఆపివేసి, వెంటనే కర్ల్ అనే కమాండ్‌తో మీ బయటి ఐపీ చిరునామాను అడగండి. కనెక్షన్ కాలేదని జవాబు రావాలి. మీ ఇంటి చిరునామా కనబడితే నియమాల్లో ఎక్కడో సందు ఉన్నట్లే. ఇమేజ్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయండి.

ప్రశ్న: వీపీఎన్ కంటైనర్‌ను అప్‌డేట్ చేసినప్పుడల్లా దాని వెనుకనున్న కంటైనర్లకు నెట్ పోతోంది. పైగా వాటి వెబ్ పేజీ ఇదే కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది గానీ, ఇంట్లోని ఫోన్‌లో తెరుచుకోదు.
— ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వెనుక కంటైనర్లు పట్టుకొని ఉన్నది వీపీఎన్ కంటైనర్ పేరును కాదు, దాని నేమ్‌స్పేస్‌ను. అప్‌డేట్‌లో పాత కంటైనర్ పోయి కొత్తది పుట్టినప్పుడు నేమ్‌స్పేస్ కూడా కొత్తదే అవుతుంది, వెనుకవి పాతదానిలోనే మిగిలిపోతాయి. వాటిని కూడా మళ్లీ సృష్టించడం తప్ప మార్గం లేదు. కంటైనర్ల అమరికలు రాసే కంపోజ్ ఫైల్‌లో వీపీఎన్‌కు ఆరోగ్య తనిఖీ రాసి, అది సరిగా ఉన్నప్పుడే వెనుకవి మొదలయ్యేట్లు డిపెండ్స్ ఆన్ నిబంధన పెట్టుకోండి.

ఫోన్ సంగతికి కారణం వేరు. ఫోన్ నుంచి వచ్చిన అభ్యర్థన కంటైనర్‌కు చేరుతోంది గానీ, జవాబు పంపేటప్పుడు కంటైనర్ తన పట్టిక చూసుకొని దాన్ని టన్నెల్‌లోకి తోసేస్తోంది. కంటైనర్ లోపల 192.168.1.0/24 వంటి మీ ఇంటి నెట్‌వర్క్‌కు డాకర్ బ్రిడ్జి గేట్‌వే గుండా ఒక దారి వేసి, ఫైర్‌వాల్‌లో దానికి అనుమతి ఇస్తే సరిపోతుంది.

ప్రశ్న: వీపీఎన్ వాడటం చట్టవిరుద్ధమని మా ఊళ్లో ఒకరు భయపెడుతున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: వీపీఎన్ వాడటమే నేరమని చెప్పే దేశవ్యాప్త చట్టం మనకు లేదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సేవలు అమ్మే సంస్థలు తమ వినియోగదారుల వివరాలను 5 సంవత్సరాలు లేదా అంతకు మించి భద్రపరచాలి. ఆ బాధ్యత సేవ అమ్మే సంస్థలది. ఉద్యోగులకోసం సంస్థలు నడుపుకునే సొంత వీపీఎన్‌లకు అది వర్తించదని తరువాత వివరణ కూడా ఇచ్చారు. అయితే స్థానికంగా అధికారులు తాత్కాలిక నిషేధం విధిస్తే అక్కడ దాన్ని పాటించాలి. వీపీఎన్ గుండా చేసినంత మాత్రాన నేరం నేరం కాకుండా పోదు.

ప్రశ్న: మిర్యాలగూడలోని మా రైస్‌మిల్లు ఆఫీసులో కొన్ని కంప్యూటర్లు ఉన్నాయి. హైదరాబాద్ ఆఫీసులోని అకౌంట్స్ సర్వర్‌కు వైర్‌గార్డ్‌తో కలవాలి. ప్రతి కంప్యూటర్‌లో క్లయింట్ వేయకుండా, ఒక పాత కంప్యూటర్‌లో కంటైనర్ పెట్టి అందరికీ దారి ఇవ్వవచ్చా? మాకు పబ్లిక్ ఐపీ లేదు. ప్రయత్నించి చూస్తే పింగ్ వస్తోంది గానీ, పెద్ద రిపోర్టులు సగంలో ఆగిపోతున్నాయి.
— ఒక అకౌంటెంట్, మిర్యాలగూడ

జవాబు: ఇవ్వవచ్చు. పబ్లిక్ ఐపీ మీ వైపు అవసరం లేదు, ఎందుకంటే కనెక్షన్ మొదలుపెట్టేది మీరే. హైదరాబాద్ వైపు సర్వర్ బయటినుంచి అందుబాటులో ఉంటే చాలు. మీ రూటర్, దాని పైనున్న ఇంటర్నెట్ సంస్థ పరికరాలు మౌనంగా ఉన్న కనెక్షన్‌ను కొంతసేపటికి మరచిపోతాయి కాబట్టి, నిర్ణీత వ్యవధిలో చిన్న ప్యాకెట్ పంపే పర్సిస్టెంట్ కీప్‌అలైవ్‌ను 25 సెకన్లుగా పెట్టండి.

ఇక్కడ కంటైనర్ నెట్‌వర్క్ మోడ్‌ను హోస్ట్‌గా (అంటే కంప్యూటర్ నెట్‌వర్క్‌నే నేరుగా వాడేలా) పెట్టడం సులువు, ఎందుకంటే ఆ పాత కంప్యూటర్‌కు వేరే పని లేదు. అందులో ఇతరుల ప్యాకెట్లను ముందుకు పంపే ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చేసి, టన్నెల్ గుండా వెళ్లేవాటికి ఈ కంప్యూటర్ చిరునామానే తగిలించే మాస్కరేడ్ నియమం రాయండి. డాకర్ ఉన్న కంప్యూటర్‌లో ఫార్వర్డ్ గొలుసు (ఇతరుల ట్రాఫిక్‌ను దాటించే ఫైర్‌వాల్ నియమాల వరస) డిఫాల్ట్‌గా తిరస్కరించేలా ఉంటుంది, కాబట్టి డాకర్ యూజర్ అనే గొలుసులో మీ ఆఫీసు నెట్‌వర్క్‌కు అనుమతి ఇవ్వడం తప్పనిసరి. తరువాత ఆఫీసు రూటర్‌లో హైదరాబాద్ నెట్‌వర్క్‌కు మాత్రమే ఈ కంప్యూటర్ చిరునామాను గేట్‌వేగా చూపండి. ఏ చిరునామాలు టన్నెల్‌లోకి వెళ్లాలో వైర్‌గార్డ్‌కు చెప్పే అలోడ్ ఐపీస్‌లో కూడా 0.0.0.0/0 (అన్ని చిరునామాలు) కాకుండా ఆ నెట్‌వర్క్ ఒక్కటే రాయండి. అప్పుడు బ్యాంకు పనులు, ఈ-వే బిల్లులు మీ మామూలు కనెక్షన్‌లోనే పోతాయి, టన్నెల్ తెగినా అవి ఆగవు. రెండు ఆఫీసుల్లోనూ 192.168.1.0/24 ఒకటే ఉంటే మాత్రం ముందు ఒకచోట మార్చుకోవాలి, ఎందుకంటే ఒకే చిరునామాలు రెండువైపులా ఉన్నప్పుడు ఏ రూటింగ్ పట్టికా వాటిని విడదీయలేదు.

పింగ్ వచ్చి రిపోర్టులు ఆగడం దాదాపుగా ఎంటీయూ (దారిలో పట్టే ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) సమస్య. ఈథర్నెట్‌లో ప్యాకెట్ గరిష్ఠంగా 1500 బైట్లు. వైర్‌గార్డ్ తన తొడుగుకు ఐపీవీ6పై 80, ఐపీవీ4పై 60 బైట్లు తీసుకుంటుంది కాబట్టి మామూలుగా ఎంటీయూను 1420గా పెట్టుకుంటుంది. మీ ఫైబర్ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పీపీపీఓఈ పద్ధతిలో కలిసేదైతే అక్కడే మరో 8 బైట్లు పోతాయి, అంటే 1412 మిగులుతుంది. పింగ్ చిన్న ప్యాకెట్ కాబట్టి దాటుతుంది, రిపోర్టు ప్యాకెట్లు నిండుగా ఉండి మధ్యలో రాలిపోతాయి. ముందు వైర్‌గార్డ్ ఎంటీయూను 1412కు, అప్పటికీ ఆగితే 1380కి తగ్గించి చూడండి. మిల్లులోని ఇతర కంప్యూటర్లకు కొత్త కొలత తెలియదు కాబట్టి, వాటి టీసీపీ కనెక్షన్లకోసం గేట్‌వేలో ఎంఎస్ఎస్‌ను (ఒక టీసీపీ ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమాణాన్ని) దారి ఎంటీయూకు తగినట్లు కుదించే నియమం కూడా పెట్టి, ఆ తరువాత అదే రిపోర్టును మళ్లీ తీసి చూడండి.