మోకు పట్టడం కూలిపని కాదమ్మా

పర్లాకిమిడి నుంచి ఒక తల్లి అడిగారు: "మా అబ్బాయికి 19 ఏళ్లు. ప్లస్ టూ సైన్స్ అయ్యాక మా తమ్ముడితో కలిసి పెద్ద చెట్లు కొట్టే పనికి వెళ్తున్నాడు. ఏడాదవుతున్నా చెట్టెక్కనివ్వడం లేదు, కింద మోకు పట్టిస్తున్నారు. ఇలా కూలివాడిగానే మిగిలిపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా?"

మాన్పించొద్దమ్మా. మీ తమ్ముడు వాడికి పని సరిగ్గానే నేర్పిస్తున్నాడు.

ఇళ్ల మధ్యలో ఉన్న పెద్ద మామిడిని మొదలు దగ్గర కోసి ఒక్కసారిగా పడేయడానికి చోటుండదు, పైనుంచి ఒక్కో కొమ్మకీ మోకు కట్టి దించుకుంటూ రావాలి. అడుగు మందం, పదడుగుల పొడవున్న పచ్చి కొమ్మ ఒక్కటే దాదాపు 200 కిలోలు తూగుతుంది. అది తెగగానే ఆ బరువంతా మోకు మీదకొస్తుంది, ఆ మోకేమో మాను చుట్టూ రెండు మూడు చుట్లు తిరిగి మీ అబ్బాయి చేతుల్లో ఉంటుంది. చుట్లు తక్కువైతే మోకు సర్రున జారి అరచేతులు కాలిపోతాయి, కొమ్మ వెళ్లి ఎవరింటి రేకుల మీదో పడుతుంది. భయపడి బిగబట్టేశాడా, కొమ్మ ఒక్క కుదుపుతో ఆగుతుంది, ఆ అదురంతా పైన మానుకి కట్టుకుని ఉన్న మనిషికి తగులుతుంది. కాస్త జారనిచ్చి మెల్లగా ఆపాలి, ఆ పట్టు చేతికి రావాలంటే ఏడాది ఎక్కువేమీ కాదు. పైగా పైనవాడు ఏ కొమ్మ ముందు కోస్తున్నాడో, ఎందుకో రోజూ కింద నుంచి చూస్తున్నాడు కదా, రేపు తనెక్కినప్పుడు అదే పనికొస్తుంది.

2018లో తిత్లీ తుపానుకి మన గజపతి జిల్లాలో ఎన్ని చెట్లు కూలాయో మీరూ చూసే ఉంటారు. ఈ పని తెలిసినవాళ్ల అవసరం మన దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

నాకు భయమల్లా జట్టు ఎలాంటిదో అని. పైనవాడు "కోస్తున్నా" అంటే, కిందవాడు చుట్టూ చూసి "సరే, కొయ్యి" అని తిరిగి చెప్పేదాకా రంపం పెట్టకూడదు, మిషన్ మోతలో మాట వినబడదు కాబట్టి చేతిసైగలు ముందే అనుకోవాలి. పైనవాడికి దెబ్బ తగిలితే ఎక్కి దించగలిగే మనిషి, ఇంకో జత ఎక్కే సామాను కింద సిద్ధంగా ఉండాలి. దగ్గర్లో కరెంటు తీగలుంటే కరెంటు ఆఫీసుకి చెప్పి సప్లై తీయించాకే పని మొదలుపెట్టాలి. ఇవి లేని రోజు మీ అబ్బాయి పనికి వెళ్లకూడదు, మామయ్య జట్టైనా సరే.

చదువు కూడా వదలక్కర్లేదు. ఫారెస్ట్రీ డిగ్రీ భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉంది. డిగ్రీ వద్దనుకుంటే, ఐఎస్ఏ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చే ఆర్బరిస్ట్ (చెట్ల పని నిపుణుడు) సర్టిఫికెట్ పరీక్షకి మూడేళ్ల పని అనుభవం అడుగుతారు. అందుకే ఏ రోజు ఏ పని చేశాడో ఇప్పటినుంచే ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోమనండి.

మీ తమ్ముడిని ఒక ఆదివారం భోజనానికి పిలిచి, అబ్బాయి ఎదురుగానే అడగండి: వీణ్ణి మొదటిసారి ఎక్కించే రోజు కింద మోకు ఎవరు పడతారు? ఆ పేరు వింటే మీ అబ్బాయికి ధైర్యం రావాలి. రాకపోతే ఇంకొన్నాళ్లు కిందే ఉంచమనండి.