అంబాసిడర్ హ్యాండ్ గేరు ఊగుతోందా? గేర్ బాక్స్ జోలికి ఇప్పుడే వెళ్లకండి

పాత అంబాసిడర్‌లో స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు వదులైపోయిందని, సెకండ్ నుంచి థర్డ్‌కి మారుస్తుంటే మధ్యలో ఇరుక్కుంటోందని, మెకానిక్ గేర్ బాక్స్ దించాలంటున్నాడని అడిగారు. ఈ వారానికైతే దించనివ్వకండి.

మా నాన్నగారి కారుకీ అచ్చం ఇదే రోగం. మే నెల ఎండలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర గేరు ఎటూ కాకుండా బిగుసుకుపోయింది. వెనక బస్సువాడు ఒకటే హారన్. బానెట్ ఎత్తి, కింద లివర్లను చేత్తో న్యూట్రల్‌లోకి తోసి బయటపడ్డాను. మోచెయ్యి కాలింది. తర్వాత ఒక షెడ్డులో గేర్ బాక్స్ విప్పి బాగుచేశామని ఎనిమిది వేలు తీసుకున్నారు. ఇంటికొచ్చాక చూస్తే రాడ్డు ఊపు అలాగే ఉంది.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన పనిముట్టు ముట్టుకోకుండానే పట్టేశాడు. ఇంజిన్ ఆపి, నన్ను సీట్లో కూర్చోబెట్టి గేరు మెల్లగా కదపమన్నాడు. తను బానెట్‌లోకి వంగి, గేరు రాడ్డు నుంచి గేర్ బాక్స్ దాకా ఉండే ఒక్కో జాయింటు మీద వేలు పెట్టుకుంటూ పోయాడు. పైన రాడ్డు కదిలినా, కింద లివరు వెంటనే కదలని చోటే ప్లే, అంటే వదులు, ఉన్నట్టు. మాకు అలాంటివి మూడు దొరికాయి. ఒక పిన్ను ఊడదీసి చూపించాడు. గుండ్రంగా ఉండాల్సింది ఒక పక్క గోరు దిగేంత గాడి పడింది, దాని రంధ్రమేమో కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయింది. ఒక్కోచోట ఉండేది మిల్లీమీటరే. కానీ అన్నీ కలిసి రాడ్డు చివరికొచ్చేసరికి బెత్తెడు ఊపు అయి కూర్చుంటుంది.

రంధ్రాలు పెద్దవి చేయించి గన్‌మెటల్ బుష్‌లు (పిన్ను చుట్టూ కూర్చునే చిన్న లోహపు గొట్టాలు) వేయించాం. పిన్నులు కూడా లేత్ మీద కొత్తవి తీయించాం. పాత పిన్నుకి కొత్త బుష్ వేస్తే ఆరు నెలలు కూడా ఆగదు. కొందరు రంధ్రం చుట్టూ వెల్డింగు పెట్టిస్తారు, అది మాత్రం వద్దు. బిగించాక న్యూట్రల్‌లో పెట్టి, లివర్లను కలిపే లింకు రాడ్డు చెక్ నట్ (రాడ్డు పొడవు మారకుండా పట్టి ఉంచే నట్టు) వదులు చేసి, అర చుట్టు అర చుట్టుగా సరిచేసుకుంటూ నాలుగు గేర్లూ, రివర్సూ పడుతున్నాయో లేదో చూసుకోవాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే, మాకు ఒక పూట పట్టింది. లేత్ పనితో కలిపి రెండు వేలు దాటలేదు.

ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు కూడా చూడండి. అవి చచ్చిపోతే క్లచ్ వదిలినప్పుడల్లా ఇంజిన్, దాంతోపాటు గేర్ బాక్స్ పక్కకి వాలతాయి, లింకు రాడ్లు లాక్కుపోతాయి. మీది డీజిల్ బండి అయితే మొదట అనుమానించాల్సింది వీటినే.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా, బరువు మీద ఎత్తు ఎక్కేటప్పుడు గేరు దానంతటదే జారి న్యూట్రల్‌లోకి వస్తుంటే అప్పుడు గేర్ బాక్స్ సంగతి ఆలోచించవచ్చు. గరగరమని శబ్దం వస్తే ముందు క్లచ్ పూర్తిగా విడుస్తోందో లేదో చూపించండి.

ఫ్లోర్ గేరుకి మార్పించేయమని సలహా ఇచ్చేవాళ్లు కూడా తగులుతారు. ఇసుజు ఇంజిన్ అంబాసిడర్లకు ఫ్లోర్ గేరు వచ్చిన మాట నిజమే. కానీ మూడు పిన్నుల కోసం బండి నేలకి కన్నం కొట్టించడం నాకు నచ్చదు. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది, సరైన లింకేజీ సామాను ఇప్పుడు పాత సామాను కొట్లలో వెతుక్కోవాల్సిందే. అందుకే ఊడదీసిన పిన్నులు పారేయకండి, లేత్ అతనికి కొలత అవే.