ఖాతా పీకేయబాక, లాక్ చెయ్యి

అమ్ములూ,

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సర్వర్ నీ చేతికే ఇచ్చినారంట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. గుబులు కూడా. తోతాపురి దిగిందంటే కాటా కాడ రాత్రింబగళ్ళు ట్రాక్టర్ల వరసే. ఆ రద్దీలో పని జరిగితే చాలని రూట్ (అన్ని హక్కులూ ఉండే ఖాతా) పాస్‌వర్డ్ నలుగురికీ చెప్పేస్తావేమో.

లినక్స్‌లో మనిషికొక లాగిన్, రూట్‌కు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగినయ్యే దారి) బంద్. నీకు తెలిసిందే.

డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8లో ముందు క్రియేట్ యూజర్‌తో ఖాతా, ఆనక గ్రాంట్‌తో హక్కులు. కాటా పిల్లోళ్ళకు తూకాల టేబుల్ మీద సెలెక్ట్ (చూడను), ఇన్సర్ట్ (కొత్తవి ఎక్కించను) చాలు. ఉన్నదాన్ని మార్చే అప్‌డేట్ ఇచ్చినావా, తెల్లారేసరికి పది టన్నులు పదకొండవుతాయి, నింద నీ నెత్తినే. తప్పు పడితే సవరణకు ఇంకో వరుస ఎక్కించమను. ఎక్కడినుంచి లాగినవ్వాలో చెప్పే హోస్ట్ కాడ శాతం గుర్తు (ఎక్కడినుంచయినా అని) వద్దు, కాటా కంప్యూటర్ ఐపీ రాయి. రోల్ (హక్కుల మూట) ఇస్తే డిఫాల్ట్ రోల్ కూడా సెట్ చెయ్యి, లేకుంటే లాగినయినా టేబుల్ తెరుచుకోదు.

నా భయమంతా సీజన్ అయినాక చేసే పని గురించే. మనిషి మానేసినాడని వెంటనే ఖాతా పీకేసే డ్రాప్ యూజర్ కొట్టేస్తారు. మానేసినోడు ప్రోగ్రామరయితే, అతను రాసిన వ్యూలు (దాచిపెట్టిన ప్రశ్నలు), ప్రొసీజర్లలో (దాచిపెట్టిన పనులు) డిఫైనర్‌గా, అంటే సొంతదారుగా, అతని పేరే ఉంటుంది. మామూలుగా అవి పిలిచినవాడి హక్కులతో కాదు, డిఫైనర్ హక్కులతో నడుస్తాయి. ఖాతా పోయిందా, డిఫైనర్ లేడని 1449 ఎర్రర్. రైతుల పేమెంట్ లిస్టు ఆగిపోతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0.22 నుంచి సర్వరే అడ్డుపడుతుంది గానీ, మైఎస్‌క్యూఎల్ రూట్‌తో కొడితే ఒక వార్నింగ్ ఇచ్చి తీసేస్తుంది. ఆ వార్నింగ్ చదివే ఓపిక ఎవరికుంది!

అందుకని ఆల్టర్ యూజర్‌తో అకౌంట్ లాక్ చెయ్యి. కొత్తగా లాగిన్ కాలేడు, ప్రొసీజర్లు మాత్రం నడుస్తాయి. అప్పటికే తెరిచున్న కనెక్షన్ తెగదు సుమా. తెరిచున్న కనెక్షన్లు చూపే షో ప్రాసెస్‌లిస్ట్‌లో చూసి కిల్ చెయ్యి. తర్వాత డేటాబేస్ వివరాలుండే ఇన్ఫర్మేషన్ స్కీమాలో రొటీన్స్, వ్యూస్, ట్రిగ్గర్స్, ఈవెంట్స్ నాలుగింట్లోనూ డిఫైనర్ కాలమ్‌లో అతని పేరు వెతుకు. ఎవరూ లాగిన్ కాని ఖాతా ఒకటి పెట్టి, కావాల్సిన హక్కులిచ్చి, అన్నీ దాని పేరున మార్చు. డ్రాప్ ఆ తర్వాతే.

మార్చేముందు డంప్ (డేటాబేస్ కాపీ) తీసుకో. రొటీన్స్, ఈవెంట్స్ ఆప్షన్లు పెట్టకపోతే ప్రొసీజర్లు, ఈవెంట్లు అందులో రావు. ఈ పని రాత్రి షిఫ్టులో పెట్టుకోబాక తల్లీ, పొద్దున టిఫిన్ తిని కూర్చో.

మీ మామ,
తిరుపతి