కొండ అడవిని కొలవబోతున్న మా అమ్మలుకి

సోంపేట

అమ్మలూ,

నువ్వు హిమాలయాల్లో, ఉత్తరాఖండ్‌లోని కుమావోను కొండల్లో ఏ రకం అడవి ఎంత కార్బన్ దాచుకుంటుందో కొలవడానికి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణకని నేనూ ఆ కొండలెక్కాను. అక్కడ నేను చేసిన తప్పులు నువ్వు చేయకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కింద, సుమారు 1,800 మీటర్ల ఎత్తు దాకా చీడ్ పైన్ కనిపిస్తుంది. ఆ పై అంచెలో బాంజ్ ఓక్, ఇంకొంచెం పైకి దేవదారు, ఆపైన ఖర్సూ ఓక్, ఫర్, చిట్టచివర భూర్జ చెట్లు. నీ కళ్ళు దేవదారు మీదే ఆగిపోతాయి, నాకు తెలుసు. కానీ ఎత్తు చూసి లెక్క కట్టకు. ఒకే లావున్న సరుగుడు కర్రా, బూరుగు కర్రా పట్టుకుంటే ఏది బరువో మీ నాన్నమ్మ కళ్ళు మూసుకుని చెప్పేది. అక్కడ బాంజ్ కర్ర కూడా అంతే, చీడ్ కంటే బాగా బరువు. ఎండిన కర్ర బరువులో దాదాపు సగం కార్బనే కాబట్టి, పొట్టి చెట్టని బాంజ్‌ని చులకన చేయకు.

అసలు తేడా నేలలో ఉంటుంది. చీడ్ ఆకులు సూదుల్లా రాలి పరుపులా పేరుకుంటాయి, తొందరగా కుళ్ళవు. మే, జూన్ నెలల్లో నిప్పంటుకుంటే ఆ పరుపంతా పొగైపోతుంది. బాంజ్ ఆకు తడి పట్టుకుని కుళ్ళి, నల్లటి మెత్తటి మట్టిగా మారుతుంది. పైకెక్కేకొద్దీ చలికి కుళ్ళడం నెమ్మదిస్తుంది, నేలలో కార్బన్ నిలవుంటుంది. అందుకే ఏ అడవిలో ఎక్కువుందని అడిగే ముందు, ఎక్కడ దాచుకుందని అడుగు. మానులోనా, వేళ్ళలోనా, పడిపోయిన దుంగల్లోనా, రాలిన ఆకులోనా, మట్టిలోనా? ఈ ఐదింట్లో ఏ ఒక్కటి ఒగ్గేసినా నీ పోలిక చెల్లదు.

ఇప్పుడు నా తప్పు. మనది చదునైన ఉద్దానం కదా, టేపు నేల మీద పరిస్తే చాలనుకునేవాణ్ణి. కొండవాలు మీదా అలాగే పరిచాను. చెట్లు కొలవడానికి గుర్తు పెట్టుకునే చతురస్రపు నేలముక్కే ప్లాటు. హెక్టారులో పదో వంతు ప్లాటుకి ఒక్కో పక్క 31.62 మీటర్లు ఉండాలి. వాలు 30 డిగ్రీలుంటే, నేల వెంట అంతే పరిస్తే చదును లెక్కలో వచ్చేది 27.4 మీటర్లే. అంటే ప్లాటు 13 శాతం చిన్నదైపోయింది, నేను మాత్రం నిండు ప్లాటని రాసేశాను. ఆ వాలు మీద టేపు 36.5 మీటర్లు సాగాలి. నిటారు కొండ మీది అడవి ఎప్పుడూ బీదగానే ఎందుకు కనిపిస్తోందో నాకు చాలా రోజులు తెలియలేదు! చెట్టు చుట్టుకొలత 1.37 మీటర్ల ఎత్తున తీస్తావు కదా, ఆ ఎత్తు పైవాలు వైపు నిలబడి చూడు.

పెద్ద చెట్ల దగ్గర తొందరపడకు. అడ్డుకొలత రెట్టింపైతే బరువు ఐదు రెట్లకు పైనే పెరుగుతుంది. ఒక్క ముసలి దేవదారుని తప్పు కొలిస్తే వంద మొక్కల లెక్క తారుమారవుతుంది. అలాగని మంచి చెట్టు లోపలికి రావాలని ప్లాటు జరిపావో, అది కొలత కాదు.

మట్టి గుంట 30 సెంటీమీటర్లు తవ్వేటప్పుడు రాళ్ళను లెక్కలో వెయ్యి. ఒక ఘన సెంటీమీటరు మట్టి గ్రాము తూగి, అందులో కార్బన్ 3 శాతముంటే, ఆ లోతుకి హెక్టారుకు 90 టన్నులు. గుంటలో పావు వంతు రాళ్ళే అయితే 67.5 టన్నులే మిగులుతుంది. రాళ్ళు మర్చిపోతే అడవికి లేని సొమ్ము రాసినట్టే.

పడిపోయిన దుంగలను చెత్త అనుకోకు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మన జీడి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి చూశావుగా. మరుసటి రోజున ఆ కార్బన్ ఎక్కడికీ పోలేదు, అక్కడే పడి ఉంది. పొయ్యిలోకి పోయింది వెంటనే గాలిలో కలిసింది, గట్టున మిగిలింది ఏళ్ళ తరబడి కరిగింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా కొండల్లో మన నీలగిరి (యూకలిప్టస్) చెట్టుకి తోబుట్టువైన చెట్ల ముసలి అడవి ఒకటుంది. అక్కడ చెట్లలోనూ దుంగల్లోనూ కలిపి హెక్టారుకు 1,867 టన్నుల కార్బన్ ఉందని 2009లో ప్రకటించారు. చల్లటి, తేమైన చోట చెట్టుని నరక్కుండా ఒగ్గేస్తే అంత పోగవుతుంది.

అందుకే సరితూగేవాటినే పోల్చు. కుమావోనులోనే ఉన్న జాగేశ్వర్ గుడుల చుట్టూ దేవుడి చెట్లని కాపాడుకున్న దేవదారుల పక్కన, పశువుల మేతకి ఏటా కొమ్మలు నరికే బాంజ్‌ని పెడితే, నువ్వు కొలిచేది జాతిని కాదు, మనిషి చేతిని. ఉత్తరం వైపు వాలు తడిగా, దక్షిణం వైపు వాలు పొడిగా ఉంటుంది. ఒక రకాన్ని ఇటు, ఇంకో రకాన్ని అటు తీసుకోకు. ఊళ్ళో ముసలమ్మల దగ్గర కూర్చుని, ఏ అడవి ఎప్పుడు కాలిందో, ఎప్పుడు నరికారో అడిగి రాసుకో. ఆ సంగతి ఏ యంత్రమూ చెప్పదు.

వానల్లో జలగలు పడతాయి, ఉప్పు మూట దగ్గరుంచుకో. మొదటి బాంజ్ గుంట తవ్వినప్పుడు మట్టి రంగు ఎలా ఉందో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న